నాటకానికి టైమ్ సంగతి తర్వాత, ముందు గొంతు చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 47. మాది తెనాలి దగ్గర పల్లె. గుంటూరులో ఉద్యోగం, రోజూ రైల్లో వెళ్లి వస్తాను. కాలేజీ రోజుల్లో పద్య నాటకాలు వేసేవాణ్ని. పాతికేళ్ల తర్వాత మళ్లీ మా ఊరి నాటక సమాజంలో చేరాను, కృష్ణుడి వేషం ఇచ్చారు. ఏప్రిల్ 16న తెలుగు నాటకరంగ దినోత్సవానికి ప్రదర్శన, ఇంకా ఏడు వారాలుంది. రాత్రి 8 నుంచి 11 దాకా రిహార్సల్స్. నిద్ర నాలుగైదు గంటలే. పద్యాలు మునుపటిలా గుర్తుండటం లేదు, జ్ఞాపకశక్తికి మాత్రలుంటే చెప్పండి. రెండు నెలలుగా గొంతు కాస్త బొంగురుగా ఉంది. మందుల షాపులో ఇచ్చిన మాత్రలు వేసుకుంటే తగ్గి మళ్లీ వస్తోంది. ఆస్తమాకు ఇన్‌హేలర్లు వాడతాను. నలుగురి ముందు పాడేటప్పుడు దడ రాకుండా తోటి నటుడు ఇచ్చిన ప్రొప్రనలాల్ 40 రెండుసార్లు వేసుకున్నాను, బాగానే పనిచేసింది. ఈ వయసులో నాటకానికి రోజూ టైమ్ ఎలా మిగుల్చుకోవాలి?

సమాధానం: మీరు టైమ్ గురించి అడిగారు. నా చూపు మాత్రం ఆ ప్రొప్రనలాల్ దగ్గరే ఆగిపోయింది. ఆస్తమా ఉన్నవాళ్లు ఆ మాత్ర వేసుకోకూడదు. అది గుండె వేగం తగ్గిస్తుంది కాబట్టి దడ, చేతుల వణుకు తగ్గుతాయి, నిజమే. కానీ ఊపిరితిత్తుల్లోని గాలిగొట్టాలు ముడుచుకుపోయేలా కూడా చేయగలదు. అప్పుడు ఆయాసానికి పీల్చే సాల్బ్యుటమాల్ కూడా సరిగ్గా పనిచేయకపోవచ్చు. రెండు మందులూ వెళ్లేది ఒకే తలుపు దగ్గరికి. ఒకటి తలుపు తీస్తుంది, రెండోది గడియ పెడుతుంది. రెండుసార్లు ఏమీ కాలేదంటే మూడోసారీ కాదని అనుకోవద్దు. మీ మిత్రుడు మంచి మనసుతోనే ఇచ్చి ఉంటారు, ఆయనకు ఆస్తమా లేకపోయి ఉండొచ్చు. ఒకరికి పడిన మాత్ర ఇంకొకరి ప్రాణం మీదికి తేవడం నేను కళ్లారా చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. దయచేసి మళ్లీ వేసుకోకండి. బీపీకో మైగ్రేన్‌కో దీన్ని రోజూ వాడుతున్న పాఠకులు మాత్రం ఇది చదివి ఒక్కసారిగా మానేయొద్దు, అదీ ప్రమాదమే. మీకు రాసిచ్చిన డాక్టర్‌నే అడగండి.

స్టేజీ ఎక్కే ముందు దడ జబ్బు కాదు. ఐదారు నిమిషాలు నెమ్మదిగా గాలి పీల్చి, పీల్చినదానికి రెట్టింపు సేపు వదలండి. ప్రదర్శనకు ముందే పది మంది ఇరుగుపొరుగును కూర్చోబెట్టి రెండు మూడుసార్లు వేసి చూపించండి. అయినా తట్టుకోలేనంత టెన్షన్ ఉంటే మీ ఆస్తమా సంగతి తెలిసిన డాక్టర్‌కే చెప్పండి.

ఇక గొంతు. మూడు వారాలు దాటి గొంతు బొంగురుగా ఉంటే ఈఎన్‌టీ డాక్టర్ స్వరపేటికను చూడాల్సిందే. మీకు రెండు నెలలైంది. 'కాస్త' అని రాశారు గానీ ఇక్కడ కాస్తా, ఎక్కువా అన్నది లెక్క కాదు, ఎన్నాళ్లయిందన్నదే లెక్క. ముక్కులోంచో నోట్లోంచో సన్నని కెమెరాతో చూస్తారు, కొద్ది నిమిషాల పని. ఎక్కువ మందిలో కనిపించేవి వాపు, స్వరతంత్రుల మీద కాయల్లాంటి చిన్న బుడిపెలు, కడుపులోని యాసిడ్ పైకి తన్నడం వంటివి. థైరాయిడ్ తగ్గినా గొంతు మారుతుంది. అరుదుగా టీబీ, క్యాన్సర్ కూడా ఉంటాయి. భయపెట్టడానికి చెప్పడం లేదు. స్వరతంత్రుల మీద వచ్చే క్యాన్సర్ తొలి రోజుల్లోనే గొంతు మార్పుతో బయటపడుతుంది, అప్పుడే పట్టుకుంటే చాలావరకు నయమవుతుంది. ఆ అవకాశాన్ని షాపు మాత్రలతో పోగొట్టుకోకూడదు. మీకు పొగ, ఖైనీ అలవాట్లు ఉన్నాయో లేదో రాయలేదు. ఉంటే మరింత తొందరపడండి. మింగేటప్పుడు నొప్పి, మెడలో గడ్డ, ఉమ్మిలో రక్తం ఉంటే రేపే వెళ్లండి. ఊపిరి అందకపోతే రేపటిదాకా కూడా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మిమ్మల్ని చూడకుండా ఇది ఫలానా అని నేను తేల్చి చెప్పలేను.

షాపులో ఇచ్చినవి ఏమిటో పేరు రాయలేదు. వేసుకోగానే తగ్గి, మానగానే వస్తోందంటే అందులో స్టెరాయిడ్ ఉందేమోనని నా అనుమానం. స్టెరాయిడ్ వాపును తాత్కాలికంగా దించుతుంది. గొంతు బాగుందనుకుని మీరు పై స్థాయిలో పద్యం ఎత్తుకుంటారు. లోపల ఇంకా మానని స్వరతంత్రిలో చిన్న రక్తనాళం చిట్లితే గొంతు అక్కడికక్కడే పోతుంది. షుగర్, బీపీ పెరగడం వేరే. ఎన్ని రోజులు వేసుకున్నారో లెక్క వేసి డాక్టర్‌కు చెప్పండి. వారాల తరబడి రోజూ వేసుకుని ఉంటే సొంతంగా హఠాత్తుగా ఆపకుండా ఈ ఒకటి రెండు రోజుల్లోనే వెళ్లండి. ఎందుకో రోగులు ఇన్‌హేలర్ అంటే భయపడతారు, షాపువాడు పొట్లం కట్టి ఇచ్చిన రంగురంగుల మాత్రలు మాత్రం ధైర్యంగా మింగుతారు. ఇది మారాలి.

మీ ఆస్తమా ఇన్‌హేలర్లలో రోజూ వాడేది ఉంటే అందులో స్టెరాయిడ్ ఉండే అవకాశం ఎక్కువ. పీల్చాక నోరు పుక్కిలించకపోతే దానివల్లా గొంతు బొంగురుపోతుంది, నోట్లో తెల్లపూత కూడా వస్తుంది. అలాగని దాన్ని మానొద్దు. పీల్చాక నీళ్లతో గొంతుదాకా పుక్కిలించి ఉమ్మేయండి. రిహార్సల్ అయ్యాక పదకొండున్నరకు భోంచేసి వెంటనే పడుకుంటున్నారని నా ఊహ. అలా అయితే యాసిడ్ రాత్రంతా స్వరపేటికను ఒరుస్తూ ఉంటుంది. ఏడు గంటలకే తినేసి వెళ్లండి. మధ్యలో టీలు, మిరపకాయ బజ్జీలు కొన్నాళ్లు పక్కన పెట్టండి.

డాక్టర్ చూసేదాకా రాగాలు తీయొద్దు, రిహార్సల్ మాత్రం మానక్కర్లేదు. నడకలు, చూపులు, తోటి వేషాలతో సర్దుబాటు అన్నీ చేసుకోవచ్చు. పద్యాన్ని మనసులోనే చదువుకోండి. గుసగుసగా చదవొద్దు, కొందరికి దానివల్ల గొంతు మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో మొదలైన నాటక కుటుంబాల్లో పిల్లలు ఊహ తెలిసినప్పటి నుంచీ స్టేజీ మీదే పెరిగారు. మీ గొంతు పాతికేళ్లు విశ్రాంతిలో ఉండి, ఒక్కసారిగా రోజుకు మూడు గంటల పనిలో పడింది. పాత రోజుల శ్రుతి కోసం పట్టుబట్టకుండా హార్మోనిస్టును ఒక అర శ్రుతి దించమనండి. మైకు ఉంది, చివరి వరసకు వినపడుతుంది.

జ్ఞాపకశక్తికి నేను మాత్ర రాయను. నాలుగైదు గంటల నిద్రతో పద్యం నిలవదు. పగలు నేర్చుకున్నది మెదడులో స్థిరపడేది నిద్రలోనే. ఏడు గంటలు పడుకుని రెండు వారాలు చూడండి. టైమ్ సంగతీ అక్కడే తేలుతుంది. రైల్లో వెళ్లే సమయం పద్యాలకు పెట్టుకోండి. రిహార్సల్ తొమ్మిదిన్నరకు ముగించమని సమాజం పెద్దలను అడగండి. వాళ్లలోనూ బీపీ, షుగర్ ఉన్నవాళ్లు ఉంటారు, కాదనరు. వారంలో రెండు రాత్రులు ఇంట్లో ఉండండి.

ఈ వయసులో నాటకం మంచిదేనా అన్న సందేహమూ మీకు ఉండొచ్చు. మంచిదే, నాకు అందులో సందేహం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో 3,000కు పైగా అధ్యయనాలను సమీక్షించి, కళల్లో పాల్గొనడం మనసుకూ శరీరానికీ మేలు చేస్తుందని చెప్పింది. అయితే అది మందులకు తోడుగానే, బదులుగా కాదు. యాభైకి దగ్గరపడ్డ మగవాళ్లు నా దగ్గరికి వచ్చి 'ఆఫీసు, ఇల్లు తప్ప ఏమీ లేదండీ' అంటుంటారు. మీకు ఒక సమాజం ఉంది, ఎదురుచూసే మనుషులు ఉన్నారు. దాన్ని వదులుకోవద్దు.

ఈ వారంలోనే ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లండి. ఇన్‌హేలర్లు, షాపు మాత్రల అట్టలు, మిగిలిన ప్రొప్రనలాల్ అన్నీ సంచిలో వేసుకెళ్లి బల్ల మీద పెట్టండి. ఏప్రిల్ 16 తేదీ కూడా చెప్పండి. బుడిపెలే అయితే చాలామందికి గొంతు విశ్రాంతి, స్వర చికిత్సతో కొన్ని వారాల్లో తేడా కనిపిస్తుంది. పాడొచ్చో లేదో, ఎంతసేపు పాడొచ్చో ఆ డాక్టర్ చెప్పినట్టే చేయండి. రెండో కృష్ణుణ్ని ఒకరిని ఇప్పుడే సిద్ధం చేసి పెట్టుకోమని మీ సమాజానికీ చెప్పండి.