కచేరీలు చేసుకుంటూ మ్యూజిక్ థెరపిస్టుగా కూడా పనిచేయొచ్చా? రోజువారీ పని ఎలా ఉంటుంది?

వయొలిన్ వాయిస్తారు, థెరపీ వైపు రావాలని ఉంది, కానీ వాయించడం మూలన పడిపోతుందేమోనని భయంగా ఉంది అని రాశారు. రెండూ చేయొచ్చండీ, నేను చేస్తున్నాను. పగలు పునరావాస కేంద్రంలో పని, వారాంతాల్లో కచేరీలు. కాకపోతే వేదిక మీద జనం మన వెంట వస్తారు, థెరపీలో మనం ఎదుటి మనిషి వెంట పోవాలి. ఈ తేడా ఒంటబట్టడానికే చాలాకాలం పడుతుంది.

పక్షవాతం వచ్చి మాట పడిపోయిన ఒక పెద్దాయన సంగతి చెబుతాను. మనం అన్నది అర్థమవుతుంది, చెప్పాలనుకున్నది మాత్రం నోటికి రాదు. ఇది అఫేసియాలో ఒక రకం, అంటే మెదడు దెబ్బతిని మాటకి వచ్చే లోపం. అలాంటి మనిషి పాత పాట ఎత్తుకుంటే మాటలతో సహా పాడేశారు, ఇంట్లోవాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అయితే కంఠతా వచ్చిన పాటలోని మాటలు దాహం వేసినప్పుడు అక్కరకు రావు. అసలు పని అక్కడ మొదలవుతుంది. 1973లో ఆల్బర్ట్, స్పార్క్స్, హెల్మ్ అనే ముగ్గురు ప్రచురించిన మెలోడిక్ ఇంటోనేషన్ థెరపీ ఇలాంటివాళ్ళ కోసమే.

‘నీళ్ళు కావాలి’ అన్న మాటని రెండే స్వరాల మీద పెడతాం. ఒత్తి పలికేచోట పై స్వరం, మిగతావి కింది స్వరం. ఆయన ఎడమచేతిని పట్టుకుని అక్షరానికో తట్టు. ముందు ఊరికే కూనిరాగం, తర్వాత ఇద్దరం కలిసి అనడం, ఆ తర్వాత ‘నీళ్ళు కా’ దగ్గర నేను ఆగిపోతాను. మిగతాది ఆయన పూర్తి చేయాలి. స్వరాన్ని కొంచెం కొంచెంగా కరిగించి మామూలు మాటలోకి తేవడం చివరి మెట్టు, దానికి వారాలు, నెలలు పడతాయి.

ఆ ఆగడం ఉంది చూశారూ, వాద్యకారులకి అదే కష్టం. తాళం జారుతుంటే అందుకోవడం మన చేతులకి పుట్టు అలవాటు. ఇక్కడ అందుకుంటే ఆయన ప్రయత్నాన్ని మనం లాగేసుకున్నట్టే. పెదవులు కదులుతున్నాయా, ఊపిరి తీసుకుంటున్నారా అని చూస్తూ నోరు కట్టుకుని కూర్చోవాలి. నా వరకు ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా పెద్ద సంగీత విద్య అదే.

పార్కిన్‌సన్స్ (కదలికలు, నడక మందగించే మెదడు జబ్బు) ఉన్నవాళ్ళతో పని ఇంకో రకం. ముందు సంగీతం లేకుండా నడిపించి నిమిషానికి ఎన్ని అడుగులు పడుతున్నాయో లెక్కపెడతాం. మెట్రోనోమ్, అంటే లయ తప్పకుండా టిక్ టిక్ అని కొట్టే పరికరం, అదే వేగానికి పెట్టి దాని మీద వాయిస్తాం. అడుగు కుదిరాక 5 నుంచి 10 శాతం పెంచుతాం. గమకాలు, సాగదీతలు ఏమీ ఉండకూడదు, దెబ్బ స్పష్టంగా పడాలి. పడిపోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి పక్కన ఫిజియోథెరపిస్టు తప్పనిసరి.

ఇక మిగతా రోజంతా రాతపని. ఏ లక్ష్యం పెట్టుకున్నాం, ఎంతవరకు వచ్చింది అని ప్రతి సెషన్‌కీ రాయాలి. ఒకరు వాడిన గిలక్కాయల్ని ఇంకొకరికి ఇచ్చేముందు శుభ్రంగా తుడవాలి.

ఫలానా జబ్బుకి ఫలానా రాగం అనే జాబితాలు మీకూ వచ్చి ఉంటాయి. నేను వాటిని నమ్మను, మీరూ వాటితో మొదలుపెట్టకండి. ఒకరికి హాయినిచ్చే పాట ఇంకొకరికి పోయిన మనిషిని గుర్తుచేస్తుంది. అరుదుగా సంగీతం వింటేనే ఫిట్స్ వచ్చేవాళ్ళూ ఉన్నారు. అందుకే వాద్యం బయటికి తీసేముందు అడగాలి. అందుకే శిక్షణ కూడా. అమెరికాలో అయితే డిగ్రీతో పాటు 1200 గంటల క్లినికల్ శిక్షణ అడుగుతారు.

మీ భయం విషయానికొస్తే, అది ఉత్తుత్తి భయం కాదు. రోజంతా నెమ్మదిగా, సులువైనవి వాయించాక వేళ్ళ చురుకు తగ్గుతుంది. సాయంత్రానికి చెవులు కూడా అలిసిపోతాయి. అందుకే నా సాధన తెల్లవారుజామునే, డ్యూటీకి ముందే. దాన్ని దేనికోసమూ వదులుకోను.

ఇంకొక్క మాట. వయొలిన్ ఒక్కటే సరిపోదు. పాడుతూ, గిటార్ మీదో కీబోర్డు మీదో తోడు వాయించుకోవడం రావాలి. వయసు పైబడినవాళ్ళలో చాలామందికి పై స్వరాలు అందవు, పాట మధ్యలోనే శ్రుతి దించాల్సి వస్తుంది. కోర్సులో చేరేదాకా ఆగకుండా, మీకు తెలిసిన పాటలనే నాలుగైదు శ్రుతుల్లో పాడుతూ వాయించడం ఇప్పటినుంచే మొదలుపెట్టండి.