ఇన్నేళ్లూ ఇంటెలే, ఇప్పుడు ఏఎండీ తీసుకోవచ్చా?

ఇరవయ్యేళ్లుగా మా ఇంట్లో కంప్యూటర్‌కి ఇంటెల్ ప్రాసెసరే, ఇప్పుడు దాని పోటీ కంపెనీ ఏఎండీది కొంటే రిస్కా అని అడిగారు. రిస్కేమీ లేదండీ, తీసుకోండి. కాకపోతే అక్కడి నుంచి ఏఎండీ భక్తులైపోకండి. పేరు చూసి కొని నేను ఒకసారి దెబ్బతిన్నాను.

2017 ఆగస్టులో, నెల్లూరు నుంచి చెన్నై వచ్చిన కొత్తలో, రెండు జీతాలు కూడబెట్టుకుని కంప్యూటర్ షాపులుండే రిచీ స్ట్రీట్‌కి వెళ్లాను. షాపాయన ఏఎండీ వాళ్ల రైజెన్ 5 1600 చూపించి, ఆరు కోర్లు (ప్రాసెసర్ లోపల ఒకేసారి పనిచేసే భాగాలు) తంబీ, వీడియో ఎడిటింగ్‌కి ఇదే మేలు అన్నాడు. నేను వింటేగా! నాన్న ఆఫీసులో పెంటియం 4 రోజుల నుంచి చూస్తున్న పేరని, నాలుగు కోర్ల ఇంటెల్ ఐ5 7400 పట్టుకొచ్చాను. అక్టోబర్‌లో ఇంటెల్‌దే ఆరు కోర్ల ఐ5 8400 దిగింది, అమెరికాలో రెండింటి లిస్టు ధరా 182 డాలర్లే. ప్రాసెసర్ కూర్చునే సాకెట్ పేరు అదే ఎల్‌జీఏ 1151, అయినా కొత్తదానికి 300 సిరీస్ మదర్‌బోర్డు కావాలి, నా బోర్డు పనికిరాదు. తప్పు నాదే, ఏమీ కనుక్కోకుండా కొన్నాను.

అసలు ఆ ఆరు కోర్లు వచ్చిన సందర్భం చూడండి. మామూలు డెస్క్‌టాప్‌లకి ఇంటెల్ 2007 నాటి కోర్ 2 క్వాడ్ నుంచి 2017 జనవరిలో వచ్చిన ఐ7 7700కే దాకా నాలుగు కోర్లు దాటలేదు, 2011లో బుల్డోజర్ అనే ప్రాసెసర్లు తేలిపోయాక ఏఎండీ వైపు నుంచి గట్టి పోటీయే లేదు. 2017 మార్చిలో ఏఎండీ ఎనిమిది కోర్ల రైజెన్ 7 1800ఎక్స్‌ని 499 డాలర్లకి తెచ్చింది, అప్పటికి ఇంటెల్ ఎనిమిది కోర్ల ఐ7 6900కే వెయ్యి డాలర్ల పైమాటే. ఆ ఏడాదే ఇంటెల్‌లో కూడా కోర్లు పెరిగాయి. ఇంటెల్ మాత్రమే కొనేవాళ్లకి కూడా లాభం చేసింది ఆ పోటీయే.

అలాగని ఏఎండీ మన చుట్టమేం కాదు. 2020 నవంబర్‌లో పైచేయి దొరకగానే రైజెన్ 5 5600ఎక్స్‌కి 299 డాలర్లు పెట్టారు, అంతకుముందు 3600ఎక్స్ 249కే వచ్చింది. అదే ఏడాది మేలో బీ450 బోర్డుల మీద రాబోయే రైజెన్లు నడవవన్నారు, కొన్నవాళ్లంతా గట్టిగా గొడవ చేస్తే ఆ నెలలోనే మాట మార్చుకున్నారు. అభిమానం ఉంటే అలా నిలదీసేదిగా ఉండాలి.

ఆ గొడవ ఫలితం మా రూమ్‌లోనే చూశాను. రూమ్మేట్ 2018లో బీ450 బోర్డు మీద రైజెన్ 5 2600 పెట్టుకున్నాడు, 2022లో అదే బోర్డు, అదే ర్యామ్ మీద 5600 బిగించాం. ముందు పెన్‌డ్రైవ్‌తో బయోస్ (బోర్డులో ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేశాం, అంతవరకూ బాగానే ఉంది. కూలర్‌ని నిటారుగా పైకి లాగేసరికి ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య రాసే పేస్టు ఎండిపోయి ఉండటంతో దానికి అతుక్కుని పాత ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడొచ్చింది, దాని అడుగున ఉండే పిన్నుల్లో మూడు వంగిపోయాయి. టేబుల్ ల్యాంప్ కింద పెట్టి బ్లేడు అంచుతో ఒక్కొక్కటీ నిలబెట్టేసరికి అరగంట పట్టింది, ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. పది నిమిషాలు సిస్టమ్ నడిపి పేస్టు వెచ్చబడ్డాక, ఆఫ్ చేసి, కూలర్‌ని అటూ ఇటూ తిప్పి తీయాలి.

మీరు ఇప్పుడు కొంటే షాపులో ముందు బోర్డు సంగతి అడగండి, తర్వాతి తరం ప్రాసెసర్ దాని మీద నడుస్తుందా అని. ఏఎండీ వాళ్ల ఏఎం5 సాకెట్‌కి 2027 దాకా, ఆ తర్వాత కూడా సపోర్ట్ ఉంటుందని కంపెనీ ప్రకటించింది. ఏఎం5లో పిన్నులు బోర్డు సాకెట్‌లోనే ఉంటాయి, కాబట్టి బిగించేటప్పుడు ప్రాసెసర్ చేతిలోంచి జారి ఆ పిన్నుల మీద పడకుండా చూసుకోండి.