పెండింగ్ ఆర్డర్లను చూసుకుని అప్పు చేయకండి

ప్రశ్న: చిత్తూరు శివార్లలో అట్టపెట్టెల యూనిట్ నడుపుతున్నాను. ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీతో మార్చి 31 వరకు ఒప్పందం ఉంది. లక్ష పెట్టెలకు గాను 38 వేలు ఇచ్చాను, 62 వేలు పెండింగ్‌లో ఉన్నాయి. పెట్టె 29 రూపాయల లెక్కన దాదాపు 18 లక్షలు రావాలి. కాగితం రీళ్ల కోసం ఇంటి పత్రాలు పెట్టి, నూటికి రెండున్నర రూపాయల వడ్డీకి 8 లక్షలు తేవచ్చా? ఒప్పందం నకలు జతచేశాను.

జవాబు: తేవద్దు. మీరు రావాలంటున్న 18 లక్షల్లో ఒక్క రూపాయి కూడా ఇంకా బాకీ కాదు. పెండింగ్ ఆర్డరును రాబడిగా లెక్కవేసుకోవడం చిన్న యూనిట్ల వారిలో తరచూ చూస్తున్న పొరపాటు కనుకనే మీ ఉత్తరాన్ని ఎంచుకున్నాను.

మీ ఒప్పందంలో పెండింగ్ ఆర్డరు అంటే, ఫ్యాక్టరీ తేదీలతో సరఫరా షెడ్యూలు ఇచ్చి, దాన్ని మీరు రాతపూర్వకంగా అంగీకరించి, ఇంకా అందజేయని సరుకు మాత్రమే. మీరు పంపిన కాగితాల్లో అలాంటి షెడ్యూలు 9 వేల పెట్టెలకే ఉంది. అంటే 2,61,000 రూపాయలు. మిగిలిన 53 వేలు వారి అంచనా మాత్రమే, గడువులోగా షెడ్యూలు ఇవ్వకపోతే అవి వాటంతట అవే రద్దవుతాయని తర్వాతి నిబంధనే చెబుతోంది. ఆర్డరు రద్దు చేస్తే, నోటీసు నాటికి వారి పేరు అచ్చువేసి సిద్ధంగా ఉన్న పెట్టెలకే డబ్బు ఇస్తారట, మీ షెడ్డులోని రీళ్లకు ఇవ్వరట. షెడ్యూలు లేకుండా ముందే అచ్చువేసి ఉంచుదామన్నా, ఒకరి పేరున్న పెట్టెను మరొకరు కొనరు. ఐప్పసి (అక్టోబరు-నవంబరు) వానల చెమ్మకు మడత పెట్టిన అట్ట మెత్తబడితే తూకానికి పోవలసిందే.

షెడ్యూలు ఆగడం ఊహ కాదు. పాత గుజ్జు నిల్వలు మిగిలిపోయిన 2025 సీజనులో మన జిల్లాలో తోతాపురి మామిడికి ధర పడిపోయి, కిలోకు ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 చొప్పున మొత్తం 12 రూపాయలుగా నిర్ణయించవలసి వచ్చింది. గుజ్జు కదలని ఏడాది పెట్టెలు ఎవరికి కావాలి? వడ్డీ మాత్రం ఆగదు. నెలకు 20 వేలు, ఏడాదికి 2,40,000. మీకు ఖాయమైన ఆర్డరు మొత్తం అమ్మకం విలువే దాదాపు అంత. ఇల్లు తాకట్టు పెట్టి చేసే లెక్క ఇదా?

చిన్న సంస్థలకు 45 రోజుల్లో చెల్లించాలని, ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ ఇవ్వాలని 2006 నాటి చట్టం చెబుతున్న మాట నిజమే. అయితే ఆ గడువు సరుకును వారు స్వీకరించాకే మొదలవుతుంది కనుక, పెండింగ్ ఆర్డరుకు ఆ రక్షణ లేదు.

అసలు లోటు అత్యవసర నిధి. మీ ఇంటి ఖర్చు నెలకు 38 వేలు, షెడ్డు అద్దె, కరెంటు, కూలీలకు 46 వేలు అని రాశారు; బ్యాంకులో ఉన్నది 40 వేలు. ఆర్డర్లు ఆగితే మీరు పదిహేను రోజులు కూడా నిలవలేరు. ఆరు నెలలకు 5,04,000 కావాలి. వచ్చే నెల చేతికందే 3 లక్షల చీటీ డబ్బును రీళ్లలో పెట్టకుండా, మూడు ముక్కలుగా ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయండి. మిగతాది ప్రతి బిల్లు నుంచి పదో వంతు తీసి నింపండి. ఈ నిధి నిండేవరకు రెండో యంత్రం కొనే మాట ఎత్తకండి.

రీళ్లు 9 వేల పెట్టెలకు సరిపడా మాత్రమే కొనండి; చాలకపోతే బ్యాంకులో వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ వ్యాపార ఖర్చులకు ఇచ్చే అప్పు) అడగండి. మిగిలిన 53 వేలకు తేదీలు, రద్దయితే రీళ్ల ఖర్చులో వాటా కోరుతూ ఫ్యాక్టరీకి ఉత్తరం రాసి, ముద్ర వేసిన నకలు తీసుకోండి. ఫోనులో ‘పంపించండి, చూసుకుందాం’ అన్న మాటను మీ ఒప్పందం ఆర్డరుగా లెక్కించదు.