కొత్త విజార్డ్‌కి 27 పాయింట్లు ఎలా పంచాలి, ఏ స్పెల్స్ రాసుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మొదటిసారి డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (పాత్రలు వేస్తూ, డైస్ విసురుతూ ఆడే ఆట) ఆడబోతున్నారు, మీ పాత్ర విజార్డ్ (మంత్రగాడు) అని తేల్చుకున్నారు, ఇంటెలిజెన్స్ పెంచితే చాలా లేక ఇంకేమైనా చూడాలా, మొదటి లెవెల్‌లో ఆరు స్పెల్స్ (మంత్రాలు) ఏవి తీసుకోవాలి అని. ఇంటెలిజెన్స్ 15 దాకా కొనండి, అందులో రెండో మాట లేదు. కానీ నేను ఎక్కువగా ఆడేది విజార్డ్‌లే కాబట్టి చెప్తున్నా, ఆటలో మీ పరువు నిలబెట్టేది కాన్‌స్టిట్యూషన్. పేరు చూస్తే ఫైటర్ల సరుకులా ఉంటుంది, అందుకే కొత్తవాళ్లు దాన్ని పట్టించుకోరు.

ముందు లెక్క చూద్దాం. పాత్రకుండే ఆరు సామర్థ్యాల స్కోర్లూ 8 దగ్గర మొదలవుతాయి, 13 వరకు మెట్టుకో పాయింట్, 14కీ 15కీ రెండేసి, 15 దాటి కొనడానికి లేదు. అంటే 15కి 9 పాయింట్లు, 14కి 7. మాడిఫయర్ (డైస్ మీద పడిన అంకెకి కలిపేది) మాత్రం సరిసంఖ్యల దగ్గరే మారుతుంది, 14కీ +2 యే, 15కీ +2 యే, కాబట్టి తర్వాత బోనస్ తగిలే అవకాశం లేని చోట బేసిసంఖ్య కొనడం డబ్బు నీళ్లలో పోసినట్టే. నేనైతే ఇంటెలిజెన్స్ 15, డెక్స్టెరిటీ 14, కాన్‌స్టిట్యూషన్ 13, విజ్‌డం 12, కరిజ్మా 10, స్ట్రెంగ్త్ 8 పెడతా. సరిగ్గా 27. (పుస్తకంలో రెడీమేడ్‌గా ఇచ్చే స్టాండర్డ్ అరే కూడా ఇవే అంకెలు, కాబట్టి బుర్ర బద్దలు కొట్టుకోవడం ఇష్టం లేకపోతే అదే తీసుకోండి.) దానిమీద బోనస్‌గా వచ్చే +2 ఇంటెలిజెన్స్‌కి, +1 కాన్‌స్టిట్యూషన్‌కి వేస్తే 17, 14 అవుతాయి.

ఇక్కడొక విషయం మీ డీఎంని (ఆట నడిపే డంజియన్ మాస్టర్‌ని) ఇప్పుడే అడిగి తేల్చుకోండి, మీరు ఆడేది 2014 రూల్సా, 2024 రూల్సా అని. 2024లో ఈ బోనస్‌లు బ్యాక్‌గ్రౌండ్‌ని (పాత్ర గతాన్ని) బట్టి వస్తాయి, సేజ్ తీసుకుంటే ఇంటెలిజెన్స్, కాన్‌స్టిట్యూషన్ రెండూ అందులోనే ఉన్నాయి. 2014లో రేస్‌ని బట్టి వస్తాయి, 2020లో వచ్చిన ఐచ్ఛిక రూల్ వాడితే మనకు కావాల్సిన చోటికి మార్చుకోవచ్చు, డీఎం ఒప్పుకోవాలి అంతే.

కాన్‌స్టిట్యూషన్ గురించి ఎందుకింత గోల అంటే, హిట్ పాయింట్లు (ఎన్ని దెబ్బలు తట్టుకుంటారనే లెక్క) సరే, అసలు కథ కాన్సంట్రేషన్‌ది, అంటే వేసిన స్పెల్ తెగిపోకుండా పట్టి ఉంచడం. విజార్డ్ మంచి స్పెల్స్‌లో చాలా వాటికి కాన్సంట్రేషన్ కావాలి, దెబ్బ తగిలిన ప్రతిసారీ కాన్‌స్టిట్యూషన్ సేవ్ (20 ముఖాల డైస్ వేసి మాడిఫయర్ కలపడం) వేయాలి, 10 గానీ తగిలిన డ్యామేజ్‌లో సగం గానీ ఏది ఎక్కువైతే అది అందుకోవాలి. ఒకసారి ఇరుకు సొరంగంలో గాబ్లిన్ల గుంపు మీద పడుతుంటే నేను వెబ్ (సాలెగూడు స్పెల్) వేశాను, రెండు గోడలు ఉన్నాయి కాబట్టి గూడు గట్టిగా అతుక్కుంది, ముందున్నవాళ్లంతా చిక్కుకున్నారు. వెనకున్న ఒకడు బాణం వదిలాడు, 6 డ్యామేజ్. డైస్ మీద పడింది 8, నా కాన్‌స్టిట్యూషన్ +2, మొత్తం 10, నిలిచింది. తర్వాతి రౌండ్‌లో మా ఫైటర్ ఆ చిక్కుకున్నవాళ్ల మీద అడ్వాంటేజ్‌తో (రెండు డైస్ వేసి పెద్దది తీసుకోవడం) ఊచకోత కోశాడు. నా కాన్‌స్టిట్యూషన్ 12 అయ్యుంటే అది 9 అయ్యేది, గూడు మాయం, గాబ్లిన్లంతా మా మీద ఉండేవారు.

+2 తో 10 అందుకునే అవకాశం 65 శాతం. వార్ కాస్టర్ ఫీట్ (పాత్ర ఎంచుకునే ప్రత్యేక నైపుణ్యం) ఉంటే ఈ సేవ్ అడ్వాంటేజ్‌తో వేస్తారు, అప్పుడది దాదాపు 88 శాతం. 2024 రూల్స్‌లో వార్ కాస్టర్ ఇంటెలిజెన్స్‌ని కూడా ఒకటి పెంచుతుంది, 17 కాస్తా 18 అవుతుంది, కాబట్టి 4వ లెవెల్‌లో కళ్లు మూసుకుని అదే తీసుకోండి. 2014లో ఆ ఫీట్‌తో స్కోర్ పెరగదు, అక్కడ నేను 4లో ఇంటెలిజెన్స్‌కి ఒకటి, కాన్‌స్టిట్యూషన్‌కి ఒకటి వేసి, 8లో రెసిలియంట్ (కాన్‌స్టిట్యూషన్ సేవ్‌ని గట్టిపరిచే ఫీట్) తీసుకుంటా.

స్పెల్స్ దగ్గరికొస్తే అందరూ జారిపడేది ఒకే చోట. పేరు చూసి మోజుపడి ఇన్విజిబిలిటీ, ఫ్లేమింగ్ స్ఫియర్, వెబ్, హేస్ట్, ఫ్లై అన్నీ రాసేసుకుంటారు, అన్నీ కాన్సంట్రేషన్ స్పెల్సే. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు, రెండోది వేయగానే మొదటిది పోతుంది. ఏ స్పెల్ ఎంచుకున్నా "ఇది నడుస్తుండగా తర్వాతి రౌండ్‌లో నేనేం చేస్తాను" అని అడగండి. జవాబు ఫైర్ బోల్ట్ (ఎన్నిసార్లైనా వేయగల మంట స్పెల్) తప్ప ఇంకేం లేకపోతే లిస్ట్ మార్చాలన్నమాట.

మొదటి లెవెల్‌కి నా ఆరు: మేజ్ ఆర్మర్, షీల్డ్, మ్యాజిక్ మిసైల్, స్లీప్, ఫైండ్ ఫెమీలియర్, డిటెక్ట్ మ్యాజిక్. చివరి రెండూ రిచువల్స్ (నిదానంగా వేసుకునే వీలున్న స్పెల్స్), మీ స్పెల్ పుస్తకంలో ఉంటే చాలు, ప్రిపేర్ (ఆ రోజుకి సిద్ధం) చేయక్కర్లేదు, స్లాట్ (ఒక స్పెల్ వేసే అవకాశం) ఖర్చు లేదు, పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. మిగతా నాలుగూ ప్రిపేర్ చేసుకోవచ్చు, మీకు వచ్చేవీ నాలుగే. మేజ్ ఆర్మర్ ఉంటే డెక్స్టెరిటీ 14 తో ఆర్మర్ క్లాస్ (మిమ్మల్ని కొట్టాలంటే శత్రువు అందుకోవాల్సిన అంకె) 15, ఎవడైనా కొట్టాడనగానే రియాక్షన్‌గా షీల్డ్ వేస్తే 20. మొదటి లెవెల్‌లో చేతిలో ఉండేవి రెండే స్లాట్లు కాబట్టి ఒకటి మేజ్ ఆర్మర్‌కి పోతే మిగిలేది ఒక్కటే, దాన్ని దాచుకుని వాడండి. స్లీప్ విషయంలో జాగ్రత్త, 2014లో అది సేవ్ లేకుండా 5డీ8 (ఎనిమిది ముఖాల డైస్ ఐదు) హిట్ పాయింట్ల మేరకు శత్రువుల్ని పడగొడుతుంది, మొదటి లెవెల్‌లో దానికి తిరుగులేదు, 2024లో విజ్‌డం సేవ్ వచ్చి చేరింది, కాన్సంట్రేషన్ కూడా కావాలి. అక్కడైతే దాని బదులు గ్రీజ్ చూడండి, దానికి కాన్సంట్రేషన్ అక్కర్లేదు.

ఫెమీలియర్‌గా (ఫైండ్ ఫెమీలియర్‌తో వచ్చే తోడు జీవి) గుడ్లగూబ తీసుకోండి. అది దాడి చేయలేదు గానీ, ఎగిరొచ్చి హెల్ప్ చేసి (మీవాళ్ల దాడికి అడ్వాంటేజ్ ఇచ్చి) శత్రువు తిరిగి కొట్టే అవకాశం ఇవ్వకుండా వెళ్లిపోతుంది, మీ రోగ్ (చాటుగా దెబ్బతీసే పాత్ర) మీకు జీవితాంతం రుణపడి ఉంటాడు.

స్ట్రెంగ్త్ 8 గురించి టెన్షన్ వద్దు, 120 పౌండ్ల దాకా మోయొచ్చు. గోడలెక్కమంటే జారతారు, పక్కవాడు తాడు వేస్తాడు.

మీ గ్రూపులో పాయింట్ల బదులు డైస్ వేద్దాం అంటున్నారని రాశారు కదా, ఆరు ముఖాల డైస్ నాలుగు వేసి చిన్నది తీసేసే పద్ధతిలో సగటు 12 కంటే కాస్త ఎక్కువే వస్తుంది, మజాగానూ ఉంటుంది. కానీ పక్కవాడికి 18 వచ్చి మీకు పెద్ద అంకె 13 అయితే ఆ తేడా క్యాంపెయిన్ మొత్తం మోయాల్సింది మీరే. డైస్ వేయాలనే పట్టుంటే, ఎవరో ఒకరు వేసిన ఆరు అంకెల్నే అందరూ వాడుకునేలా ముందే మాట్లాడుకోండి.