టెక్ సందేహాలు: డాట్‌కామా, డాట్‌ఇన్నా?

ప్రశ్న: మాది ఉదయగిరి. చెక్క చెంచాలు, గరిటెలు చేసి అమ్ముతాం. సొంతంగా వెబ్‌సైట్ పెట్టుకుందామనుకుంటే డాట్‌కామ్ తీసుకోమని ఒకరు, డాట్‌ఇన్ చాలని మరొకరు, డాట్‌షాప్ అయితే కొత్తగా ఉంటుందని ఇంకొకరు చెబుతున్నారు. వీటి మధ్య తేడా ఏమిటి? ఒకసారి డబ్బు కడితే ఆ పేరు శాశ్వతంగా మాదేనా?

జవాబు: కాదండీ. డొమైన్ పేరును, అంటే వెబ్‌సైటు చిరునామాను, కొన్నామని అందరం అంటాం గాని, నిజానికి అది పంచాయతీ కాంప్లెక్సులో గది తీసుకున్నట్టు లీజుకు తీసుకోవడమే. డాట్‌కామ్, డాట్‌ఇన్ వంటి పేర్లను ఒక ఏడాదికి తీసుకోవచ్చు, ఒకేసారి గరిష్ఠంగా పదేళ్లకు కట్టుకోవచ్చు. గడువు దాటినా కట్టకపోతే గది ఖాళీ చేయించినట్టే పేరూ చేజారిపోతుంది.

ఇక కామ్, ఇన్ అనే చివర్ల సంగతి. ఇంటర్నెట్‌లో కంప్యూటర్లు ఒకదాన్నొకటి అంకెలతోనే గుర్తుపడతాయి. పేర్లు మన సౌకర్యం కోసం పెట్టుకున్నవి. ఇంటర్నెట్‌కు ముందున్న ఆర్పానెట్ రోజుల్లో ఏ పేరుకు ఏ అంకె అన్న జాబితా మొత్తం ఒకే ఒక్క ఫైలులో ఉండేది, దాన్ని అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ నిర్వహిస్తే మిగతా వాళ్లంతా నకలు తీసుకునేవారు. కంప్యూటర్లు పెరిగేకొద్దీ ఆ పద్ధతి మోయలేని భారమైంది. అప్పుడు, 1983లో, పాల్ మోకపెట్రిస్ అనే శాస్త్రవేత్త డొమైన్ నేమ్ సిస్టమ్‌కు రూపకల్పన చేశారు. జాబితాను ఒకరి దగ్గరే ఉంచకుండా, చుక్క చుక్కకూ బాధ్యతను కిందివారికి అప్పగించుకుంటూ పోవడమే అందులోని కిటుకు.

అందువల్ల వెబ్ చిరునామాను మనం ఎడమ నుంచి చదివినా కంప్యూటర్ కుడి నుంచి చదువుతుంది. ఉత్తరం మీద మనం ముందు మనిషి పేరు, తర్వాత వీధి, ఊరు, మండలం, జిల్లా రాస్తాం. తపాలా సిబ్బంది మాత్రం చివరి పంక్తి నుంచి మొదలుపెట్టి సంచులు వేరు చేస్తారు. ఇదీ అంతే. మీ పక్క జిల్లా యంత్రాంగం వెబ్‌సైటు ‘ప్రకాశం డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’ తీసుకోండి. చివరి ‘ఇన్’ భారతదేశం, దానికి ముందున్న ‘గవ్’ ప్రభుత్వం, ‘ఏపీ’ రాష్ట్రం, మొదట ఉన్నది జిల్లా. మీరు ఈ చిరునామా కొట్టగానే, ‘ఇన్’ పేర్లు చూసేది ఎవరని మూల సర్వర్లను, ‘గవ్ డాట్ ఇన్’ సంగతి ఎవరికి తెలుసని ‘ఇన్’ సర్వర్లను, ఇలా మీ తరఫున ఒక సర్వరు మెట్టు మెట్టూ దిగుతూ అడిగి చివరికి ఆ వెబ్‌సైటు ఉన్న అంకెను పట్టుకుంటుంది. ఇదంతా రెప్పపాటులో జరిగిపోతుంది. దొరికిన జవాబును దారిలోని సర్వర్లు కొంతసేపు గుర్తుపెట్టుకుంటాయి కాబట్టే, వెబ్‌సైటును ఒక హోస్టింగ్ (వెబ్‌సైటును ఉంచే చోటు) నుంచి మరో హోస్టింగ్‌కు మార్చినప్పుడు కొందరికి కాసేపు పాతదే కనిపిస్తూ ఉంటుంది.

చివర్లలో రెండు ప్రధాన జాతులున్నాయి. కామ్, నెట్, ఆర్గ్ వంటివి 1985 నాటివి. కామ్ అంటే కమర్షియల్ అనే ఉద్దేశంతో పెట్టినా, ఇప్పుడు మీరు వ్యాపారస్తులా కాదా అని అడిగేవారు లేరు. రెండక్షరాల చివర్లన్నీ దేశాలవో ప్రాంతాలవో. మన ‘ఇన్’ వ్యవహారాలను నిక్సీ అనే సంస్థ చూస్తుంది. కృత్రిమ మేధ కంపెనీలు ఎగబడుతున్న డాట్‌ఏఐ నిజానికి కరీబియన్ సముద్రంలోని ఆంగ్విల్లా అనే చిన్న ద్వీపానిది. అక్షరాలు కలిసొస్తే అదృష్టం అలాగే ఉంటుంది మరి. షాప్, ఆన్‌లైన్, ఎక్స్‌వైజెడ్ వంటివి కామ్ జాతిలోనే 2013 తర్వాత వరుసగా వచ్చిన కొత్త బాపతు.

మీకు నా సలహా డాట్‌ఇన్. కొనేవారు ఎక్కువగా మన దేశంలోనే ఉంటే అది చాలు. అదే పేరు డాట్‌కామ్‌లో ఖాళీగా ఉంటే దాన్నీ తీసుకుని డాట్‌ఇన్‌కు మళ్లించండి, ఎందుకంటే చాలామంది వేళ్లు అలవాటు కొద్దీ కామ్ అనే కొడతాయి. డాట్‌షాప్‌లో తప్పేమీ లేదు గాని, అలాంటి చివర్లను మొదటి ఏడాది కారుచౌకగా ఇచ్చి రెండో ఏడాది నుంచి అంతకు ఎన్నో రెట్లు వసూలు చేయడం మామూలే, కాబట్టి కట్టేముందు రెన్యువల్ ధర ఎంతో చూడండి.

చివరికంటే ముందున్న పేరు గురించే నేనైతే ఎక్కువ ఆలోచిస్తాను. చెంచా అనే మాటను ఇంగ్లిషు అక్షరాల్లో ఒకరు ‘ఎన్’తో, ఒకరు ‘ఎమ్’తో రాస్తారు, చివర ‘ఎ’ ఒకటా రెండా అన్నది మరో తగాదా. ఫోనులో ఒక్కసారి చెబితే అవతలివారు తప్పు లేకుండా రాసుకోగలిగే పేరు ఎంచుకోండి. ఇంగ్లిషులో పెట్టుకునే పేరులో అక్షరాలు, అంకెలు, అడ్డగీత తప్ప మరేవీ పనికిరావు. పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు అన్న తేడా లేదు. అడ్డగీతను చెప్పడం కష్టం, మరచిపోవడం తేలిక, వద్దంటాను.

మరొక ముఖ్యమైన మాట. పేరును మీ పేరున, మీ ఈమెయిల్‌తో, మీ ఫోన్ నంబరుతో రిజిస్టర్ చేయించుకోండి. కావలిలో మా బంధువు ఒకాయన బట్టల దుకాణానికి వెబ్‌సైటు తయారుచేసిన కుర్రాడు డొమైన్‌ను తన ఈమెయిల్ మీదే తీసుకుని, తర్వాత ఉద్యోగానికి వేరే ఊరు వెళ్లిపోయాడు. గడువు హెచ్చరికలన్నీ అతని పాత మెయిల్‌కే పోయాయి. మాకు తెలిసేసరికి పేరు రిడెంప్షన్ దశలో ఉంది. డాట్‌కామ్‌కు ఈ దశ 30 రోజులు. ఆ లోపు అదనపు రుసుము కట్టి విడిపించుకోవచ్చు. అది కూడా దాటితే మరో 5 రోజులకు పేరు బజారున పడుతుంది, ఎవరైనా తీసుకోవచ్చు. అదృష్టం కొద్దీ ఆ కుర్రాడు ఫోనెత్తాడు.

ప్రశ్న: నేను ఒంగోలులో ఉంటున్న విశ్రాంత ఉద్యోగిని. కేవైసీ చేయకపోతే ఖాతా ఆగిపోతుందంటూ ఒక లింకు వచ్చింది. అందులో మా బ్యాంకు పేరు, డాట్‌కామ్ రెండూ ఉన్నాయి. నమ్మవచ్చా?

జవాబు: నొక్కకండి. పైన చెప్పిన కుడి నుంచి చదివే పద్ధతి మీకు అచ్చంగా ఇక్కడే పనికొస్తుంది. ‘హెచ్‌టీటీపీఎస్’ తర్వాత వచ్చే రెండు గీతలను వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత దగ్గర వేలు పెట్టి వెనక్కి చదవండి. ‘మీబ్యాంకు డాట్ కామ్ డాట్ అప్‌డేట్ డాట్ ఎక్స్‌వైజెడ్’ అని ఉంటే దాని యజమాని మీ బ్యాంకు కాదు, ‘అప్‌డేట్ డాట్ ఎక్స్‌వైజెడ్’ పేరును తీసుకున్నవాడు. ఎడమ పక్కన ఏం తగిలించుకోవాలన్నది అతని ఇష్టం. మీ బ్యాంకు పేరే కాదు, రిజర్వు బ్యాంకు పేరైనా తగిలించగలడు. ‘ఆర్’, ‘ఎన్’ చిన్న అక్షరాలు పక్కపక్కన పెట్టి ‘ఎమ్’లా కనిపించేలా చేసేవారూ ఉన్నారు. చిరునామా పక్కన తాళం గుర్తు ఉంది కదా అని ధీమా పడకండి. దారిలో మాటలు ఎవరూ వినరని అది చెబుతుందే గాని, అవతల ఉన్నది పెద్దమనిషని చెప్పదు.

ఈ బెడద వల్లే మన బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31లోగా ‘బ్యాంక్ డాట్ ఇన్’ చివరకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ చివరను రిజర్వు బ్యాంకు నెలకొల్పిన, హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ అనే సంస్థ మాత్రమే ఇస్తుంది, అదీ బ్యాంకులకే. కాబట్టి మీ బ్యాంకు చిరునామాను పాస్‌బుక్కులో గాని, శాఖలో గాని ఒకసారి సరిచూసుకుని బ్రౌజర్‌లో బుక్‌మార్క్ చేసుకోండి, ఇకపై అక్కడి నుంచే వెళ్లండి. ఇప్పటికే వివరాలు ఇచ్చి ఉంటే ఆలస్యం చేయకుండా బ్యాంకుకు చెప్పి, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.

ప్రశ్న: వెబ్‌సైటు పేరు పూర్తిగా తెలుగు అక్షరాల్లో పెట్టుకోవచ్చా? (కోవూరు నుంచి ఒక ఉపాధ్యాయురాలు)

జవాబు: పెట్టుకోవచ్చు. తెలుగులోనే ‘డాట్ భారత్’ అనే చివర ఉంది. అయితే లోపల కంప్యూటర్లు దాన్ని ‘ఎక్స్‌ఎన్’తో మొదలయ్యే ఇంగ్లిషు అక్షరాల గొలుసుగా మార్చుకుంటాయి, కొన్ని యాప్‌లలో లింకు అతికిస్తే ఆ గొలుసే బయటపడుతుంది. తెలుగు చిరునామాతో ఈమెయిల్ పెట్టుకున్నా కొన్ని ఫారాలు దాన్ని తప్పని తిప్పికొడతాయి. పిల్లల చేత బోర్డు మీద రాయించడానికి తెలుగు పేరు, ఫారాలు నింపడానికి పక్కనే ఒక ఇంగ్లిషు పేరు ఉంచుకోండి.