హైపోథెర్మియా అంటే ఏమిటి? ఆ మాట ఎలా పుట్టింది? మనలాంటి వేడి ఊళ్లలోనూ వస్తుందా?

వస్తుంది. మా ఇంట్లోనే వచ్చింది.

2024 సెప్టెంబరు, బుడమేరు వరద. మాది విజయవాడ సింగ్ నగర్. కింది వాటా మునిగిపోయింది. అమ్మమ్మ చాలాసేపు నీళ్లలో నిలబడి, తర్వాత తడిచీరతోనే రాత్రంతా మేడ మెట్ల మీద కూర్చుంది. మొదట్లో గడగడ వణికింది. తెల్లారేసరికి వణుకు ఆగింది. సర్దుకుందిలే అనుకున్నాం. కానీ మాట ముద్దగా వస్తోంది, నన్ను పట్టుకుని మా పిన్ని పేరుతో పిలిచింది. పడవలో బయటికి తెచ్చాక డాక్టరుగారు థర్మామీటరు పెట్టి 93 డిగ్రీలు ఉందన్నారు. ఈ మాట మొదటిసారి విన్నది అప్పుడే.

మాట గ్రీకుది. 'హైపో' అంటే కింద, తక్కువ. హైపో థైరాయిడ్‌లో ఉన్నది ఇదే. 'థెర్మీ' అంటే వేడి. థర్మామీటరు, థర్మాస్ ఫ్లాస్కు, మన ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్, అన్నిటికీ మూలం అదే. ఇంకా దగ్గరి చుట్టం ఉంది: సంస్కృతంలో వేడికి 'ఘర్మ' అంటారు, చెమటను ఘర్మజలం అంటాం. ఈ రెండు మాటలూ ఒకే పాత మూలం నుంచి వచ్చాయి. నాకైతే ఇది తెలిశాక ఆ పేరు ఇక మరిచిపోలేదు. 'హైపర్' అయితే ఎక్కువ, అంటే హైపర్‌థెర్మియా దీనికి పూర్తిగా ఎదురు. మన ఎండల్లో వడదెబ్బ ఆ కోవలోది.

ఒంటి లోపలి వేడి మామూలుగా 37 సెల్సియస్ దగ్గర ఉంటుంది. 35 కంటే, అంటే 95 ఫారెన్‌హీట్ కంటే కిందికి పడిపోతే హైపోథెర్మియా. దానికి మంచు కురవక్కర్లేదు. గాలి కంటే నీళ్లు ఒంట్లో వేడిని సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తాయి. తడిబట్టకు గాలి తోడైతే ముసలివాళ్లు, పసిపిల్లలు తట్టుకోలేరు. వణుకు ఒళ్లు వేడి పుట్టించుకునే ప్రయత్నం. ఒళ్లు వెచ్చబడకుండానే అది ఆగిపోయిందంటే ఒంటికి ఇక ఓపిక లేదన్నమాట. మేం పొరబడింది అక్కడే.

అమ్మ అలవాటుగా అరికాళ్లకు శొంఠిపొడి రుద్దబోతే డాక్టరుగారు ఆపించారు. కాళ్లూ చేతులూ గట్టిగా రుద్దకూడదట, వేణ్నీళ్లు పోయకూడదట. తడిబట్టలు తీసి, ఒళ్లు తుడిచి, తలతో సహా దుప్పట్లు కప్పారు. పూర్తి తెలివి వచ్చాకే గోరువెచ్చగా పంచదార పాలు తాగించారు. సారాయి, బ్రాందీ లాంటివి అసలు పట్టకూడదు, అవి వేడిని ఇంకా బయటికి పంపేస్తాయి.

ఒళ్లు కాస్త వెచ్చబడగానే అమ్మమ్మకు మళ్లీ వణుకు మొదలైంది. మేం కంగారుపడితే, "ఇది మంచి వణుకేనమ్మా, రానివ్వండి" అన్నారు ఆయన.