బీపీ గోళీ వేసుకుంటే వాచీలో పల్స్ అంతగా పెరగదు తమ్ముడూ

నలభై ఏడేళ్ల వయసులో మెటోప్రొలాల్, టెల్మిసార్టన్ అనే రెండు బీపీ గోళీలు వాడుతున్నానన్నావు. చెమటలు కారేలా నడిచినా వాచీలో పల్స్ 110 దాటడం లేదని, ఆగగానే తల తిరుగుతోందని, జిమ్‌కు వెళ్లే రోజు గోళీ మానేయొచ్చా అని అడిగావు. ముందు ఆ చివరి మాటకే జవాబు: మానొద్దు. మెటోప్రొలాల్ ఉన్నట్టుండి ఆపేస్తే బీపీ, గుండె వేగం ఒక్కసారిగా ఎగబాకొచ్చు, ఛాతీనొప్పి దాకా కూడా పోవచ్చు. ఆపాలన్నా డాక్టరే కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వస్తారు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేనూ వాచీలో ఆ పల్స్ అంకె వెంట పడ్డవాణ్నే. నాకు 2019లో, నలభై తొమ్మిదేళ్లప్పుడు బీపీ 160/100 అని తేలింది. నీలాగే రెండు గోళీలు. జిమ్‌లో కుర్రాడు 220లోంచి వయసు తీసేసి, వచ్చినదాంట్లో దాదాపు ముప్పావు వంతు లెక్క కట్టి, పల్స్ 130కి తేవాలన్నాడు. హనుమకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో పొద్దున్నే ఆ 130 కోసం పరుగెత్తేవాణ్ని. పిక్కలు పట్టేసేవి, ఆయాసంతో నోట మాట వచ్చేది కాదు, వాచీ మాత్రం 116 దగ్గరే ఉండేది. ఇంకో రౌండు, ఇంకో రౌండు అనుకుంటూ పోయి ఒకరోజు టక్కున ఆగాను. చెవులు గుయ్‌మన్నాయి, కళ్లు చీకట్లు కమ్మాయి. రోజూ అక్కడ నడిచే ఒక పెద్దాయన నన్ను నేలమీద పడుకోబెట్టి, మట్టి అంటిన బూట్లతోనే నా కాళ్లు ఎత్తి తన ఒళ్లో పెట్టుకున్నాడు. రెండు నిమిషాలకు తేరుకున్నాను.

డాక్టరు దగ్గరికి వెళితే అప్పుడు తెలిసింది. మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి బీటా బ్లాకర్ల పనే గుండె వేగానికి కళ్లెం వేయడం. ఆ కళ్లెం ఉన్నంతకాలం 220 లెక్క మనకు పనికిరాదు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడేంత ఊపిరి మాత్రం ఉండకూడదు, అంతే కొలత అన్నారు. ఇప్పుడు మా బావతో కలిసి నడుస్తాను. ఆయన పత్తి రేటు సంగతి ఎత్తితే నేను ఒక వాక్యం పూర్తిగా చెప్పగలిగితే వేగం సరిపోయినట్టు. ఊ కొట్టడం తప్ప మాట రాకపోతే తగ్గిస్తాను.

ఇక తల తిరగడం. నడిచేటప్పుడు కాళ్ల కండరాలు రక్తాన్ని పైకి నెడుతుంటాయి. టక్కున ఆగితే అది కాళ్లలోనే నిలిచిపోతుంది. టెల్మిసార్టన్ వల్ల రక్తనాళాలు ముందే సడలి ఉంటాయి కాబట్టి మనకు బీపీ ఇంకా పడిపోతుంది. అందుకే చివరి పది నిమిషాలు షికారుకు వచ్చినట్టు నెమ్మదిగా నడువు. ఆగిన వెంటనే వేడినీళ్ల స్నానం వద్దు. అయినా తిరుగుతుంటే డాక్టరుకు తప్పకుండా చెప్పు, డోసు ఎక్కువైందేమో ఆయనే చూడాలి. ఛాతీలో బరువుగా అనిపించినా, ఎడమ చెయ్యి, దవడ లాగినా ఆ రౌండు పూర్తి చేద్దామని చూడకు. అక్కడే ఆగి ఆసుపత్రికి వెళ్లు.

జిమ్‌లో బరువులు ఎత్తొచ్చు, కానీ ఊపిరి బిగపట్టొద్దు. బిగపట్టి ఎత్తితే ఆ క్షణంలో బీపీ విపరీతంగా పెరుగుతుంది. తేలిక బరువు తీసుకుని, ఎత్తేటప్పుడు గాలి వదులు. పొద్దున కూర్చుని చూసుకున్నప్పుడు 180/110 దాటి ఉంటే ఆ రోజు వ్యాయామం మానేసి డాక్టరుకు ఫోన్ చెయ్యి.

నేను వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట నడుస్తాను. వారానికి కనీసం 150 నిమిషాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది కూడా అదే. ఏడాదికి నా బీపీ 128/82కి వచ్చింది, డాక్టరే టెల్మిసార్టన్ 80 నుంచి 40కి తగ్గించారు.

ఒక్క విషయం నువ్వు రాయలేదు. టెల్మిసార్టన్ స్ట్రిప్ మీద పేరు చివర హెచ్ అని ఉందా? ఉంటే అందులో సాధారణంగా ఒంట్లో నీటిని, ఉప్పును మూత్రంలో బయటికి పంపే మందు కూడా కలిసి ఉంటుంది. మన ఎండాకాలంలో చెమటతో పాటు అదీ తోడైతే ఒళ్లు తొందరగా ఎండిపోతుంది, తల తిరగడానికి అదీ కారణం కావచ్చు. స్ట్రిప్ చూసి చెప్పు తమ్ముడూ.